రెండువైపులా దెబ్బలే!

మీరు హెచ్.ఆర్. ఉద్యోగం చేస్తున్నారా? నేను రాజమండ్రిలో ఒక ఫ్యాక్టరీలో లేబర్ వెల్ఫేర్ ఆఫీసరుగా చేశాను. 500 మందికి తగ్గకుండా కార్మికులున్నచోట ఆ అధికారి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. యాజమాన్యానికి నేను కార్మికుల మనిషిని. కార్మికులకు యాజమాన్యం మనిషిని. మద్దెలకు రెండువైపులా దెబ్బలే!

ఒకతనికి సస్పెన్షన్ కాగితం ఇచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. డాక్టరుగారు చూస్తే రక్తపోటు! తలనొప్పి లేకపోయినా అది ఉండవచ్చునట. మాత్రలు వేసుకుంటూ, ఉప్పు తగ్గించి, రోజూ పుష్కరాల రేవుదాకా నడిచాను. ఫైళ్ల బెంగ గోదావరి ఒడ్డునే వదిలి ఇల్లు చేరేవాణ్ణి.

విచారణలో తప్పు లేదని తేలి తిరిగి పనిలో చేరిన ఆ కార్మికుడే, కూతురి పెళ్లి శుభలేఖ తెచ్చి, "దేవుడి తర్వాత మీకేనండీ" అన్నాడు. ఆ తృప్తి ఏ జీతంతో వస్తుంది?

మీరూ ఒకసారి రక్తపోటు చూపించుకోండి. డాక్టరు చెప్పనిదే మాత్ర మానకండి.