యోనా కోపం

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు సోకిందన్న వార్త పొక్కగానే రైల్వే స్టేషను జనసంద్రమయింది. కొద్ది రోజులలోనే లక్షలాది మంది ఊరు విడిచిపోయారు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు. రాత్రి షిఫ్టులో నాకు తోడుండవలసిన ఆపరేటరు సెలవు చీటీ అయినా ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. ముఖానికి గుడ్డ కట్టుకొని, టెట్రాసైక్లిన్ మాత్రలు మింగుతూ అతని పని కూడా నేనే చేశాను. మూడు వారాల తరువాత అతడు తిరిగివచ్చాడు. భార్య నిండు చూలాలని చెప్పి కన్నీరు పెట్టుకొన్నాడు. పైవారు హెచ్చరికతో సరిపెట్టారు. ఆనాటి నా కోపం ఏళ్ళ తరబడి చల్లారలేదు.

ఇటీవల బైబిలు పాత నిబంధనలోని యోనా గ్రంథం చదివాను. నాలుగే అధ్యాయాలు. చేప కథ అందరికీ తెలిసినదే. నన్ను ఆపినది చివరి అధ్యాయం. నలభై దినాలలో నీనెవె నాశనమవుతుందని ప్రవక్త చాటాడు. రాజుతో సహా ఊరంతా గోనెపట్ట కట్టుకొని పశ్చాత్తాపపడగా దేవుడు క్షమించాడు. యోనా మండిపడ్డాడు. నీవు దయాళుడవని ముందే ఎరుగుదును, కనుకనే తర్షీషుకు పారిపోజూచాను అని నిష్ఠూరమాడాడు. భక్తులు స్తోత్రంగా చెప్పే గుణాలనే అతడు అభియోగపత్రంలా చదివాడు! హీబ్రూ మూలంలో ‘రాఆ’ అన్న ఒకే మాట నీనెవె చెడునడతకూ, దానికి రానున్న కీడుకూ, ప్రవక్త మనస్తాపానికీ వస్తుంది. ఊరిని విడిచిన కీడు ప్రవక్తను పట్టుకొన్నదన్నమాట.

తరువాత అతనికి నీడనిచ్చిన మొక్క. తెలుగు బైబిలులో అది సొరచెట్టు. ఆముదపు మొక్క అని పలువురు పండితుల అభిప్రాయం. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న మన సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. రాత్రికి రాత్రి పెరిగింది, మరునాడు పురుగు తొలిచి వాడిపోయింది. తాను నాటనైనా నాటని ఆ మొక్క కోసం ప్రవక్త చావు కోరుకొన్నాడు. కుడి ఎడమలు ఎరుగని లక్షా ఇరవై వేల మందీ, పశువులూ ఉన్న ఊరిపై నేను జాలిపడరాదా అని దేవుడు అడుగుతాడు. యోనా జవాబు గ్రంథంలో లేదు.

ఓడ ఎక్కి పారిపోయిన తనను ఎవరు క్షమించారో యోనాకు గుర్తు రాలేదు. నాకూ రాలేదు. శిక్షణలో ఉండగా సక్షన్ వాల్వు తెరవకుండానే పంపు నడిపి సీలు కాల్చివేశాను. నాటి షిఫ్టు ఇన్‌చార్జి లాగ్‌బుక్కులో నా పేరు వ్రాయలేదు.

ఆ ఆపరేటరు నిరుడు పదవీ విరమణ చేశాడు. వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. ప్లేగు నాటి మాట ఎత్తలేదు. 1994 అక్టోబరులో పుట్టిన అతని కుమార్తె ముందు వరుసలో కూర్చుని ఉన్నది.