సెల్‌ఫోనూ, కౌలు రైతూ

సమాచారం అందితే పల్లె బాగుపడుతుందనే మాట మనకు కొత్తది కాదు. 1999లో ఆనాటి ప్రభుత్వం ‘విజన్ 2020’ పత్రం ప్రకటించేనాటికి నేను ఇంకా బడిపిల్లవాణ్ణి. కంప్యూటరు వస్తుంది, దళారీ పోతాడు అని ఆ రోజుల్లో పెద్దలు సభలు పెట్టి మరీ చెప్పారు. కంప్యూటరు రానే వచ్చింది. రావడమే కాదు, అరచేతిలో ఇమిడిపోయింది. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున పలికిన తేజా ధర మధ్యాహ్నానికల్లా వినుకొండ అవతల కల్లంలో కాయలు ఎగదోసుకుంటున్న మనిషికి తెలిసిపోతున్నది. దళారీ మాత్రం పోలేదు. ఎందుకు పోలేదన్నదే ఇక్కడ విచారించదలచుకున్నాను.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ విచారం ఎందుకని మిత్రులు అడగవచ్చు. నా తరగతిలో కూర్చునే పిల్లల్లో చాలామంది మిరప చేలలోంచి, పత్తి చేలలోంచి వచ్చినవాళ్లే. వాళ్ల ఫీజులూ, చదువు మానడాలూ ఆ ధరతో ముడిపడి వున్నాయి. అదీగాక, ‘సాధికారత’ అనే మాటను ప్రతి ప్రకటనలోనూ చూస్తున్నాం. అందులో అధికారమనే ముక్క ఒకటి వుంది గదా, అది ఎవరి చేతికి వచ్చిందని అడగడం భాష చదువుకున్నవాడి పనే.

యంత్రాన్ని ఊరికే తూలనాడడం అభ్యుదయం అనిపించుకోదు. కేరళ ఉత్తర తీరాన 1997 నుండి 2001 వరకు సెల్‌ఫోన్లు ప్రవేశించిన కాలంలో కవళ్ల చేపల ధరలు ఎలా మారాయో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు పరిశీలించి 2007లో ప్రచురించాడు. అంతకుముందు ఒక రేవులో కొనే దిక్కులేక చేపలు పారబోస్తుంటే, కొద్ది దూరంలోని మరో రేవులో అమ్మడానికి చేపలే వుండేవి కావు. ఫోను చేతికొచ్చాక జాలరి సముద్రం మీదనుంచే వాకబు చేసి, ధర వున్న రేవుకు పడవ తిప్పాడు. వృధా పోయింది, జాలరికి లాభం పెరిగింది, తినేవాడికి ధర తగ్గింది. ఇది నిజంగా జరిగిన మేలు, కాదనడానికి వీల్లేదు. కాని ఈ కథ చెప్పేవాళ్లందరూ ఫోనును చూపిస్తారే తప్ప పడవను చూపించరు. పడవను తనకు నచ్చిన రేవుకు తిప్పగలిగాడు గనుకనే జాలరికి ఆ కబురు అక్కరకు వచ్చింది.

మన మిరప రైతు ఏ పడవ తిప్పుతాడు? నారుకూ, ఎరువుకూ, పురుగుమందుకూ, కోత కూలికీ అప్పు పెట్టినవాడే తరచుగా యార్డులో అతని టిక్కీలు దింపించుకునే కమీషన్ వ్యాపారి. అప్పు తీసుకున్ననాడే సరుకు ఏ రేవుకు చేరవలసిందీ నిర్ణయమైపోయింది. 2025 ఫిబ్రవరిలో ధర కూలిపోయినప్పుడు మా విద్యార్థిని ఒకమ్మాయి, కౌలు రైతు బిడ్డ, ఫోనులో ఆనాటి రేట్లు నాకు చూపించింది. అంతకు రెండేళ్లకు పూర్వం క్వింటాలు 20 వేలు దాటి పలికిన సరుకు అందులో సగానికి దిగజారింది. “రేటు రోజూ చూస్తూనే వున్నాం సార్. చూసి ఏం చేస్తాం? ఏసీలో పెట్టుకుందామన్నా మా నాన్న మళ్లీ ఆయన్నే అడగాలి” అన్నది. ఏసీ అంటే శీతల గిడ్డంగి. ‘ఆయన’ ఎవరో చెప్పనక్కరలేదు. ఆ నెలలోనే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ కబురూ నిమిషాల్లో అందరి ఫోన్లకూ చేరింది. కబురు చేరిన వేగంతో అప్పువాడి గడువు వెనక్కి జరగదు.

2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ గురించి కూడా ఇంతే. దేశంలో ఏ మూలనున్న వర్తకుడైనా తెరమీద ధర వేయవచ్చునన్న ఊహ గొప్పదే. కాని మిరపకాయను ఇప్పటికీ కన్నూ, ముక్కూ, చేయీ కలిసి కొంటున్నాయి. రంగు దిగిందా, తేమ వుందా, తాలు కలిసిందా అన్నది బస్తాలో చేయిపెట్టి తేల్చుకునే వ్యవహారం. నాణ్యతను నమ్మకంగా తేల్చే పరీక్షశాల, అమ్మకం కుదిరేదాకా రైతును నిలబెట్టే పెట్టుబడి పక్కన లేకపోతే తెర ఒక్కటీ వర్తకుణ్ణి మార్చలేదు.

ఇంతకన్నా లోతైన చిక్కు పేరు దగ్గర వుంది. 2025లో భారత పత్తి సంస్థ ‘కపాస్ కిసాన్’ అనే యాప్ పెట్టింది. మద్దతు ధరకు, అంటే ఆ ఏడు పొడవు పింజకు క్వింటాలు 8,110 రూపాయలకు, పత్తి అమ్మదలచిన రైతు ముందుగా అందులో పేరు ఎక్కించుకోవాలి, భూమి వివరాలు చూపాలి, స్లాటు తీసుకోవాలి. తేమ 12 శాతం దాటితే పత్తి తీసుకోరు. వాన కురిస్తే తేమ పెరుగుతుంది, స్లాటు మాత్రం వాననడిగి రాదు. సరే, అదైనా ఓర్చుకోవచ్చు. భూమి వివరాలు ఎవరివి? పల్నాటిలోనూ, ప్రకాశం మెట్టలోనూ పత్తినీ మిరపనూ పండిస్తున్నవాళ్లలో ఎంతోమంది కౌలుదారులు. 2011 నాటి చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి యజమాని సంతకం అడగలేదు. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల పత్రం ఇస్తుంది, కాని యజమాని సంతకం కావాలంటుంది. భూమి చేజారుతుందేమోనని యజమానికి భయం. సంతకం పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను దక్కదేమోనని కౌలుదారుకు అంతకు రెట్టింపు భయం. 2019లో వచ్చిన పి.ఎం. కిసాన్ సాయం కూడా భూమి కాగితం వున్న కుటుంబానికే.

కనుక యంత్రం కొత్తగా ఎవరినీ బయటకు నెట్టలేదు. పాత అడంగల్లో లేని పేరు కొత్త తెరమీదా లేదు, అంతే. 1984లో రద్దయ్యేదాకా సాగిన కరణీకాన్ని నేను పొగడబోవడం లేదు. ఆ కలం కింద ఎన్ని పొలాలు తారుమారయ్యాయో ఊళ్లలో ముసలివాళ్లు చెబుతారు. అయినా కరణం ఇంటిముందు నలుగురు కూర్చుని పోట్లాడడానికి చోటుండేది. ‘వివరాలు సరిపోలలేదు’ అనే తెరతో ఎవరు పోట్లాడతారు? రైతును ‘లబ్ధిదారు’ అని పిలవడం అలవాటయ్యాక పోట్లాట అసలే అసభ్యంగా కనిపిస్తుంది కాబోలు. హక్కుదారు అడుగుతాడు, లబ్ధిదారు ఎదురుచూస్తాడు.

తెలియకపోవడమే రైతు కష్టానికి మూలమన్న వాదానికి ఈ నేలమీదే జవాబు వుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలు తెల్లదోమ పాలై, రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయినప్పుడు వాళ్లకు సమాచారం లేకపోలేదు. పుష్కలంగా వుంది, ఇచ్చినవాడు మందుల కొట్టువాడు. ఏ మందు కొట్టాలో చెప్పేదీ అతనే, అప్పిచ్చేదీ అతనే. 2021లో మిరప పూతమీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు కొట్టుతోబాటు వాట్సాపూ తోడైంది. పురుగు ఫొటో పంపిన గంటలో పది సలహాలు, పది సీసాల పేర్లు. అమ్మేవాడికీ చెప్పేవాడికీ మధ్య గీత లేనప్పుడు వేగం వల్ల రైతుకు ఒరిగిందేమిటి?

ఇక మిరప కోసే ఆడవాళ్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు దాదాపు 49. చేలో రోజంతా వంగి కాయలు కోసేవాళ్లలో ఆ 21లోకి వచ్చేవాళ్లు ఎందరుంటారో ఊహించుకోవచ్చు. ఇంట్లో ఫోను ఒకటుంటే అది మగవాడి జేబులో వుంటుంది.

మన ప్రాంతపు మరో చరిత్ర ఇక్కడ గుర్తుకు వస్తున్నది. అక్షరాన్ని పల్లెకు చేర్చే పనిని ఒకప్పుడు పల్లెవాళ్లే తలకెత్తుకున్నారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువమీద పడవ గ్రంథాలయం నడిపారు. దానిని తలచుకున్నప్పుడల్లా గర్వం కలుగుతుంది, వెంటనే ఒక అనుమానమూ కలుగుతుంది: కాలువ లేని మెట్టకు ఆ పడవ ఎలా పోతుంది? నీళ్లున్న వైపే పుస్తకమూ నడిచింది. ఈనాటి సిగ్నలూ అంతే, డబ్బున్న వైపే బలంగా వుంటుంది. అయితే గ్రంథాలయంలో ఒకడు పత్రిక పైకి చదివితే పదిమంది వినేవారు, విని తర్కించేవారు. 1998 తర్వాత పుదుచ్చేరి దగ్గర వీరాంపట్టిణంలో స్వామినాథన్ పరిశోధన సంస్థ వారి విజ్ఞాన కేంద్రం చేసింది అదే. అమెరికా నౌకాదళం వారి అలల ఎత్తు వివరాలను ఇంటర్నెట్‌లో తీసుకుని లౌడ్‌స్పీకరులో ఊరంతటికీ వినిపించారు. అలను ఊరంతా కలిసి విన్నది. ఎవరి ఫోను వారి జేబులో పెట్టుకున్న ఊరు కలిసి వినడం మరచిపోయింది.

మా విద్యార్థులు కొందరు పోయిన పంటకాలంలో ఒక ఊళ్లో ఈ-పంట నమోదు జాబితా ఫోనులో తీసుకుని రామాలయం అరుగుమీద పైకి చదివారు. నేనూ వెళ్లాను. సర్వే నంబరు, పంట, సాగుదారు పేరు అని చదువుకుంటూ పోతుంటే మొదట అందరూ నవ్వారు. అక్కడ లేనివాళ్ల పేర్లు, హైదరాబాదులో వున్నవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు. తర్వాత నవ్వు ఆగింది. “ఆ చేను నేను చేస్తున్నాను” అని ఒక ముసలాయన లేచాడు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు. పిల్లలు నోటు పుస్తకంలో రాసుకున్నారు. రెండు గంటల్లో 34 పేర్లు తేలాయి; అందులో ఆరుగురు ఆడవాళ్లు. అర్జీగా రాసి మండల కార్యాలయంలో ఇస్తే ముద్ర వేసి రశీదు ఇచ్చారు. యజమానుల సంతకాలేవని అడిగారు. అవి లేవు గనుకనే వచ్చామని ఆ ముసలాయన చెప్పాడు. రశీదు ఆయన దగ్గరే వుంది. వచ్చే నమోదుకు ముందు మళ్లీ అందరూ కలిసి వెళ్లాలనుకుంటున్నారు.