అత్తయ్య అరికాళ్లు

పోయిన వేసవిలో ఒక శుక్రవారం అత్తయ్యతో కలిసి మా సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లాను. అప్పటికే పన్నెండు దాటింది. కింద బండలు కాలిపోతున్నాయి. నేను గెంతుకుంటూ నీడలోకి పరిగెత్తాను. అత్తయ్య మాత్రం తీరిగ్గా ప్రదక్షిణలు చేసుకుని వచ్చి, "ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదుమే" అని నవ్వారు.

రాత్రి చూస్తే ఆమె కుడి అరికాలి మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

"కాలిందా అత్తయ్యా?"

"ఎక్కడమే?" అన్నారు.

నా గుండె జారిపోయింది. అది ఓర్పు కాదు, ఆమెకు అసలు నొప్పే తెలియలేదు.

అత్తయ్యకు 14 ఏళ్లుగా షుగర్, 6 ఏళ్లుగా థైరాయిడ్. రిపోర్టుల ఫైలు చూసేది నేనే. టీఎస్‌హెచ్ నార్మల్ అని ఉంటే చాలు, అంతా బాగుందని బీరువాలో పెట్టేసేదాన్ని. కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయని ఆమె అంటే "వయసు కదా" అనేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడే రైలెక్కి చెన్నై వెళ్లాం. డాక్టరుగారు ఆమెను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంలాంటి దాన్ని పాదం మీద ఆనించి, "తగిలితే చెప్పండమ్మా" అన్నారు. 10 గ్రాముల ఒత్తిడి పడగానే వంగిపోయే దారమట అది. చాలా చోట్ల అత్తయ్య నోరు విప్పలేదు.

"థైరాయిడ్ బాగానే ఉంది కదండీ?" అన్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. టీఎస్‌హెచ్ అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. రక్తంలో హార్మోన్ పెరిగితే ఆ ఆజ్ఞ తగ్గాలి. కొందరిలో తగ్గాల్సినంత తగ్గదు. ట్యాంకు నిండుతున్నా మోటారు వేయమని కేకేసినట్టన్నమాట. రెండు అంకెలూ విడివిడిగా నార్మల్‌లోనే ఉండొచ్చు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో ఇలా హార్మోన్‌కు స్పందన తగ్గడానికీ, నరాలు దెబ్బతినడానికీ సంబంధం ఉన్నట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించిందట. అదే కారణమని మాత్రం తేలలేదు.

"అందుకని థైరాయిడ్ మాత్ర మీరే పెంచేయకండి. షుగర్ అదుపులో పెట్టండి, రోజూ పాదాలు చూడండి" అన్నారు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బి12 తగ్గొచ్చని, దానివల్ల కూడా తిమ్మిర్లు వస్తాయని ఆ పరీక్షా రాశారు.

బొబ్బ మానడానికి నెల పైనే పట్టింది. ఇప్పుడు గుడికి తెల్లవారుజామునే వెళుతున్నాం. ఇంట్లో కూడా ఆమె మెత్తటి చెప్పులు వేసుకునే తిరుగుతారు. స్నానానికి నీళ్ల వేడి నేనే చెయ్యి పెట్టి చూస్తాను.

రోజూ రాత్రి అద్దం పట్టుకుని ఆమె కాళ్ల దగ్గర కూర్చుంటాను. మొదట్లో "కోడలి చేత కాళ్లు పట్టించుకుంటానా" అని చీర కుచ్చిళ్ల కింద దాచుకునేవారు. నిన్న నేను మర్చిపోతే, ఆమే పిలిచారు. "ఏందిమే, ఇవాళ నా కాళ్లు చూడవా?"

మీ ఇంట్లోనూ షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే, రిపోర్టు మడిచి పెట్టేశాక ఒక్కసారి వాళ్ల అరికాళ్లు కూడా చూడండమ్మా.