మూపు చూసి ఎక్కండి

శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో పర్యాటకం పెరిగితే ఎలా ఉంటుందో రాయమని సంపాదకులు అడిగారు. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం, విజయనగరానికి 28. భోగాపురం విమానాశ్రయంతో ఇటు రాకపోకలు పెరుగుతాయి. బారువ, కళింగపట్నం, చింతపల్లి ఇసుక మీదికి రేపు రాబోయేది విశాఖ ఆర్కే బీచ్‌లో ఇవాళే కనిపిస్తుంది కాబట్టి ముందు అక్కడికే వెళ్లాను. గదులూ పడవలూ దుకాణాలూ చూడవలసినవే, కానీ సవారీ గుర్రాల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఒక గుర్రమాయన జీను ఎత్తి, కింద మడతపెట్టిన గుడ్డ సరిచేసి, జీను వంపుకీ గుర్రం మూపుకీ మధ్య రెండు వేళ్లు దూర్చి చూసుకుంటున్నాడు. వేళ్లు ఆడేంత సందు దొరికాకే పట్టీ బిగించాడు. సరిగ్గా ఈ మాటే చట్టంలోనూ ఉంది. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం కేంద్రం 1965లో చేసిన నిబంధనలు, జీను నేరుగా మూపు మీద ఆనకూడదనీ మధ్యలో తగినంత సందు ఉండాలనీ చెబుతున్నాయి. ఆయన ఆ కాగితం చదివి ఉండడు. చేతికే తెలుసు.

ఆ నిబంధనల్లో ఇంకా చాలా ఉంది. సామాను మోసే తట్టువ మీద 70 కిలోలకు మించి వేయకూడదు. రోజుకు తొమ్మిది గంటలు దాటి, విశ్రాంతి లేకుండా ఒక్క దమ్మున అయిదు గంటలు దాటి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు పనిలో పెట్టకూడదు. ములుకుల కళ్లెం వాడకూడదు. డెబ్బయి కిలోల అంకె మూటల కోసం రాసినదే, నిజమే. అయినా వెన్నెముకకు మూటయినా మనిషయినా బరువు బరువే. పైగా మనిషి కుదురుగా కూర్చోడు, ఫోటో కోసం అటూ ఇటూ ఒరుగుతాడు. కాళ్లు దిగబడే పొడి ఇసుకలో ఆ భారమంతా గుర్రం కాలి స్నాయువుల మీద పడుతుంది. తడి ఇసుక కొంత నయం. ఇన్ని నియమాలుండీ ఇసుక మీద వాటి జాడ లేకపోవడానికి కారణం తెలిసిందే. ప్రతి సవారీ దగ్గరా నిలబడి చూసే అధికారి ఎవరూ ఉండరు. ఉండేది డబ్బిచ్చి ఎక్కేవాడొక్కడే. అందుకే తనిఖీ చేయవలసింది అతనే అంటాను. మూపు మీదా పట్టీ కిందా పుండ్లు, బయటపడ్డ పక్కటెముకలు, కుంటే కాలు, నోటి మూలల్లో గాయం కనిపెట్టడానికి పశువైద్యం చదవక్కర్లేదు. దగ్గర్లో నీళ్లూ నీడా ఉన్నాయో లేవో కూడా చూడాలి. రోజుకు పాతిక, నలభై లీటర్ల నీళ్లు తాగే జీవి అది.

ఇలా చూసి, ఎక్కకుండా వెనక్కి తగ్గితే బీదవాడి పొట్ట కొట్టినట్టు కాదా అని అడుగుతారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయలేను. గడ్డీ ఉలవలూ లాడాలూ అన్నీ కొనవలసినవే, వానాకాలంలో బేరాలుండవు. అయితే ఆ గుర్రమాయన తోటివాడితో అంటున్న మాట వినండి: "బరువోలు ఎక్కుతామంతే వొద్దని ఎలగంతాం? నాను కాదంతే పక్కోడి గుర్రం ఎక్కీస్తారు." తన గుర్రానికి ఎంత బరువు తగునో ఆయనకు తెలుసు. వద్దనే ధైర్యమే లేదు, ఎందుకంటే వద్దన్నవాడొక్కడే నష్టపోతాడు. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు ఆ నష్టం ఉండదు. సవారీలు తగ్గించి ధర పెంచితే గుర్రానికీ ఊపిరాడుతుంది, ఇంటికీ గింజలొస్తాయి. జంతువు బాగు వేరు, దాన్ని మేపేవాడి బాగు వేరు అనుకోవడమే ఈ చర్చలో నాకు చిరాకు పుట్టించేది.

అసలు నిషేధించేస్తే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు ముంబైలో షికారు కోసం తిప్పే విక్టోరియా గుర్రబ్బండ్లు చట్టవిరుద్ధమని తేల్చి, ఏడాదిలో తీసేయమంది. బండివాళ్లకు పునరావాసం చూడమని కూడా చెప్పింది. ఏనుగు సవారీ విషయంలో నేనూ నిషేధం వైపే. గుర్రం వేల ఏళ్లుగా మనిషి దగ్గరే ఈని, మనిషి పనికే పెరిగిన జాతి. ఏనుగు అలా కాదు, ప్రతి తరంలోనూ అడవి బుద్ధిని విరిచి లొంగదీయవలసిందే. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని ప్రపంచాన్ని అబ్బురపరచిన కోడి రామమూర్తి నాయుడిది మన వీరఘట్టం. ఆ బలానికి ఈనాటికీ గర్వపడతాం, పడాలి కూడా. అయితే 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న భామిని మండలం కాట్రగడ దగ్గర 2023 మేలో నాలుగు అడవి ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి. ఒడిశా నుంచి దిగివచ్చిన మందలతో ఇక్కడి రైతులు పంటలూ ప్రాణాలూ పోగొట్టుకుంటున్నారు. ఏనుగుకూ మనిషికీ మధ్య ఇంత రగులుతున్న ప్రాంతంవాళ్లం, జైపూర్ వెళ్లి ఆమేర్ కోట దగ్గర ఏనుగెక్కి ఫోటో దిగడం నాకు మింగుడుపడదు.

గుర్రాల సంగతి వేరు. వాటికి పని ఉండనివ్వాలి, హద్దు గీయాలి. బారువలోనో కళింగపట్నంలోనో సవారీకి అనుమతి ఇచ్చే రోజు వస్తే, పంచాయతీ ముందుగా ఒక కాటా, నీళ్ల తొట్టి, నాలుగు నిట్రాళ్ల మీద తాటాకు పందిరి ఏర్పాటు చేయాలి. ఎంత బరువుదాకా, ఏ వేళల్లో, ఏ ధరకు అన్నది పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాలి, అటునుంచి వచ్చే యాత్రికులు తక్కువేం కాదు. పశువైద్యుడు నెలకోసారి చూసి సంతకం చేయని గుర్రం ఇసుక మీదికి రాకూడదు. అప్పుడు "ఎక్కనివ్వను బాబూ, బోర్డు సూడండి" అని గుర్రమాయన గట్టిగా అనగలడు.