ఒకే తలుపున్న షెడ్డు

పోయిన సంక్రాంతికి మూడు రోజుల ముందు, తెల్లవారుజామున నాలుగు గంటలకు, మా షెడ్డు షట్టరు అడుగెత్తు లేచి ఆగిపోయింది. లోపల నా టాటా ఏస్. దాని మీద ముందు రోజు సాయంత్రమే ఎక్కించిన 62 బాక్సుల టమాటాలు. నావి కొన్ని, ఇద్దరు పక్క రైతులవి కొన్ని. కోలారు మార్కెట్లో వేలం మొదలయ్యేలోగా అక్కడుండాలి. స్విచ్చి నొక్కితే మోటారు గుయ్యిమని మూలుగుతుంది, తిరగదు. మూడోసారి నొక్కేసరికి కాలిన వాసన వచ్చింది.

మా టేకల్ చలి మంచు కురిసే చలి కాదు. జనవరిలో తెల్లవారుజామున పన్నెండు, పదమూడు డిగ్రీలు ఉంటుంది, అంతే. కానీ ఇక్కడ బండల మధ్య ఉన్న ఊరు మాది. రాత్రంతా ఆ బండలు చల్లబడి, తెల్లారేసరికి ఇనుము ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి. షట్టరు మీద మంచుబొట్లు వరుసలు కట్టి ఉన్నాయి. నేను శాలువా కప్పుకుని, ఫోను లైటు వేసుకుని, ఆ అడుగు సందులోంచి నా బండి చక్రాలు చూస్తూ కూర్చున్నాను.

పక్కింటి పిల్లవాడు, పన్నెండేళ్ళవాడు, లేచి వచ్చి “నేను దూరతా అన్నా” అన్నాడు. సన్నటివాడు, దూరగలడు కూడా. నేను సరేనన్నాను. అప్పుడే మా అమ్మ బయటికి వచ్చి అరిచింది: “రేయ్, మతుండాదా నీకు? అది వాడి మీద పడితే ఏం చేస్తావ్?” ఆ షట్టరు వంద కిలోలకు తక్కువుండదు. దాన్ని పట్టి ఉంచింది అప్పటికే కాలిన వాసన వస్తున్న మోటారు బ్రేకు ఒక్కటే. ఆ పొద్దున నేను తీసుకోబోయిన నిర్ణయాల్లో అన్నిటికంటే చెడ్డది అదే. అది రూపాయల లెక్కలోకి రాదు కాబట్టి ముందే చెప్పి పక్కన పెడుతున్నాను.

రూపాయల లెక్క నాలుగేళ్ళ వెనక మొదలైంది. షెడ్డు కట్టించినప్పుడు పదడుగుల షట్టరు చేత్తో ఎత్తేదైతే 28,000. మోటారు పెడితే ఇంకో 16,000. నాకు నడుము నొప్పి, మోటారు పెట్టించాను. దాని మీద బేరం మొదలుపెట్టాను. కరెంటు పోయినప్పుడు లాగి ఎత్తుకునే చేతిగొలుసుకు అమర్చేవాడు 1,800 అన్నాడు, వద్దన్నాను. షెడ్డుకు పక్కన మనిషి దూరే చిన్న తలుపుకు 9,000 అన్నాడు. “ముందర ఇంత తలుపుండగా పక్కన ఇంకోటెందుకప్పా” అన్నాను. 10,800 మిగిలింది. ఆ రోజు ఇంటికొచ్చి బేరం గెలిచినట్టు చెప్పుకున్నాను కూడా.

ఆ తెల్లవారుజామున, షట్టరు అమర్చినవాళ్ళ నంబరు మోగుతూనే ఉంది, ఎత్తలేదు. ఇంకో మెకానిక్‌ను పట్టుకుంటే, అర్ధరాత్రి పిలుపు కాబట్టి వచ్చినందుకే 2,500 అన్నాడు. ఫోనులోనే ఇంకో మాట కూడా చెప్పాడు: “వాసన వచ్చిందంటే మోటారు పోయినట్టేనన్నా. కొత్తది 17,500. వచ్చేటప్పుడే తెచ్చేస్తా.” నేను “తెచ్చెయ్” అనబోయాను. అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. “ఏమప్పా, చూడకనే పోయిందంటివే? రా, చూడు, ఆ మీదట చెప్పు.”

అతను వచ్చేసరికి ఎనిమిదిన్నర. షట్టరు వైపు చూడను కూడా చూడలేదు. గోడ ఎక్కి, పైకప్పు రేకుల బోల్టులు విప్పి, రెండు రేకులు జరిపి లోపలికి దిగాడు. పావుగంట పని. నేను 44,000 పోసి పెట్టించుకున్న షట్టరు దొంగను పావుగంట కూడా ఆపదు, యజమానిని మాత్రం నాలుగున్నర గంటలు ఆపింది. ఈ మాట మా తమ్ముడు ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

మోటారు పోలేదు. దాన్ని మొదట తిప్పిపెట్టే కెపాసిటర్ బలహీనపడింది. కొత్తదానికి 350. కానీ మెకానిక్ మంచివాడు, అంతటితో వదలకుండా మీటరు పెట్టి చూపించాడు. 178 వోల్టులు. రావాల్సింది 230. మా వైపు బోరుబావులు వెయ్యి అడుగులు దాటిపోయాయి, తెల్లవారుజాము నుంచి పంపుసెట్లన్నీ ఒకేసారి లాగుతుంటే తీగల్లో మిగిలేది అంతే. ఇలాంటి మోటారు తిప్పే బలం వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 230 బదులు 178 ఉంటే బలం అరవై శాతానికి పడిపోతుంది. నీరసపడ్డ కెపాసిటర్, అరవై శాతం బలం, పైగా చలికి గట్టిపడ్డ గ్రీజు. మూడూ కలిసిన పూట అది. చలికి ఇనుము కుంచించుకుని బిగుసుకుందేమో అని నేను అంటే అతను నవ్వాడు. తర్వాత లెక్క వేసి చూశాను. మూడు మీటర్ల ఇనుప రేకు పదిహేను డిగ్రీలు చల్లబడితే తగ్గేది అర మిల్లీమీటరు. నిజంగా బిగించింది వేరే. షట్టరు జారే పక్క కాలువల్లో నేనే దట్టంగా గ్రీజు పూసి పెట్టాను, బాగా జారుతుందని. మా ఊళ్ళో రాయి కొట్టే దుమ్ము దేన్నీ వదలదు. ఆ దుమ్మూ, గ్రీజూ, రాత్రి మంచూ కలిసి సిమెంటు ముద్దలా తయారైంది. స్క్రూడ్రైవరుతో గీకి తీస్తే కొబ్బరిచిప్పెడు వచ్చింది. కాలువలను పొడిగుడ్డతో తుడవాలి, గ్రీజు పూయకూడదట. నెలకోసారి పది నిమిషాల పని, నాలుగేళ్ళలో ఒక్కసారీ చేయలేదు.

ఇక్కడ మా తాత గుర్తొస్తాడు. కేజీఎఫ్‌లో చాంపియన్ రీఫ్ గనిలో వైండింగ్ ఇంజను దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. శివనసముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్లు తీగ లాగి 1902లోనే కోలారు గనులకు కరెంటు తెచ్చిన సంగతి ఆయన తానే తీగ లాగినంత గొప్పగా చెప్పేవాడు. నూటఇరవై ఏళ్ళ తర్వాత అదే జిల్లాలో మనవడి గోడ మీద 178 వోల్టులు. ఆయన చెప్పిన ఇంకో సంగతి: గనిలోంచి బయటపడడానికి రెండు వేర్వేరు దారులు లేకుండా మనుషులను లోపల పనికి పెట్టకూడదు, చట్టమే అది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, ఆ తర్వాత ఆయనా ఎక్కువ కాలం లేడు. ఆ రోజు షట్టరు ముందు కూర్చుని ఆ మాట తలచుకుంటే సిగ్గేసింది.

మా పెద్దమ్మ కొడుకు మిన్నియాపోలిస్‌లో ఉంటాడు. వాడికి ఫోను చేసి చెబితే వాడి కష్టాలు చెప్పుకొచ్చాడు. అక్కడ సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోతే కారు షెడ్డు తలుపు స్ప్రింగులు టప్పున తెగుతాయట. మామూలు స్ప్రింగు పదివేలసార్లు తెరిచి మూసేందుకు చేసింది, రోజుకు నాలుగుసార్లు తెరిస్తే ఏడేళ్ళ లోపే దాని ఆయుష్షు తీరుతుంది. కానీ మోటారు ఆగిపోతే చేత్తో ఎత్తుకునేందుకు ప్రతి తలుపుకూ ఎర్రతాడొకటి వేలాడుతుంటుంది. 2017లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు లేచి కరెంటు పోయినప్పుడు, ఆ తలుపులు ఎత్తలేక కొందరు ముసలివాళ్ళు ఇళ్ళలోనే చిక్కుకుపోయారు. దాంతో 2019 జులై 1 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. వాళ్ళ దగ్గర చట్టం చేయించిన పనిని నేను 1,800కు బేరమాడి వద్దన్నాను.

సరే, బిల్లు. మెకానిక్‌కు 2,500, కెపాసిటర్ 350, ఇప్పుడైనా పెట్టించుకున్న గొలుసు 2,200. మొత్తం 5,050. విప్పేటప్పుడు వంగిన రేకుకు తర్వాత 900. మార్కెట్‌కు పదకొండుకు చేరాను. పొద్దున పలికిన ధరకంటే బాక్సుకు 40 తక్కువ పలికింది. 62 బాక్సులకు 2,480. బండి నాది కాబట్టి ఆ తేడా పక్క రైతులకు నేనే ఇవ్వాలి, నా బాక్సుల నష్టం నాదే. అన్నీ కలిపి 8,430.

మెకానిక్‌కు 5,050 ఇవ్వబోతే నా జేబులో 3,200, ఫోనులో 1,140. కలిపి 4,340. మిగతా 710 అమ్మ పోపుల డబ్బాలోంచి తీసిచ్చింది. అప్పటికి నా పేరున డబ్బు లేక కాదు. పాత ట్రాక్టరు అమ్మిన లక్షన్నర బ్యాంకులో ఉంది. ఎనిమిది నెలలుగా కట్టిన చీటీలో 40,000 ఉంది. మండీ నుంచి రావలసిన బాడుగ 18,000. రెండు లక్షల ఎనిమిది వేలకు యజమానిని, 710కి అమ్మ ముందు చెయ్యి చాచాను.

ఆ లక్షన్నర సంగతి చెప్పాలి. బ్యాంకులో అయిదేళ్ళ పన్ను ఆదా డిపాజిట్ వేశాను. దాన్ని అయిదేళ్ళు నిండకముందు తీయడానికి వీల్లేదు, దాని మీద అప్పు కూడా ఇవ్వరు. ఎందుకు వేశానంటే ఏడాది డిపాజిట్ కంటే వడ్డీ కొంచెం ఎక్కువని. నవ్వొచ్చే విషయం, నాకు పన్ను కట్టేంత ఆదాయమే లేదు! లేని పన్ను ఆదా చేసుకోవడానికి అయిదేళ్ళ తాళం వేసుకున్నాను. ఎవరూ మోసం చేయలేదు. సంతకం పెట్టిన కాగితం మీదే రాసుంది, నేను చదవలేదు. చీటీ పాట ఆ నెల 5న అయిపోయింది, మళ్ళీ వచ్చే నెలే. మండీవాళ్ళు పండగయ్యాక ఇస్తామన్నారు.

షెడ్డులాగే నా డబ్బుకూ ఒకే తలుపు పెట్టి, దానికీ చేతిగొలుసు వద్దన్నాను.

మూడు రోజులు ఊరుకుని, పక్క రైతులకు తేడా ఇవ్వలేక, తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చాను. నెలకు నూటికి మూడు, ఏడాదికి ముప్పై ఆరు శాతం. నా సొంత డబ్బు ఏడు శాతానికి తాళంలో ఉంది, నేను ముప్పై ఆరు శాతానికి ఇంకొకరి తలుపు తట్టాను. నా భార్య గొలుసు బ్యాంకులో పెట్టుంటే అందులో మూడో వంతు వడ్డీకి అదే డబ్బు దొరికేది. పండగ పూట మెడలోది తీసివ్వమనడానికి నోరు రాలేదు. అది ప్రేమ కాదు, పరువు. ఆ పరువు ఖరీదు రెండు నెలలకు 600.

ఇప్పుడు నిజాయితీగా ఒక లెక్క. నాలుగేళ్ళ కిందట 10,800 మిగిల్చాను. ఆ పొద్దున, వడ్డీతో కలిపి పోయింది 9,030. అంటే బేరం ఇప్పటికీ నాదే గెలుపు, 1,770 తేడాతో! పుస్తకాల్లో రాసే పొదుపు పాఠాలు ఈ లెక్క చూపించవు. నాలుగేళ్ళకోసారి ఇలా జరిగితే పక్క తలుపు పెట్టకపోవడమే లాభమని ఎవరైనా వాదించవచ్చు, తప్పు కాదు.

అయితే బిల్లుల్లో లేని పద్దు ఒకటుంది. పక్క రైతుల్లో ఒకాయన, రోజూ 20 బాక్సులు వేసేవాడు, తేడా డబ్బు ఆ పూటే ఇవ్వలేదని ఒక్క మాటా అనకుండా ఇంకొకరి బండికి వేయడం మొదలుపెట్టాడు. బాక్సుకు 12 చొప్పున పదిహేను ట్రిప్పులు, 3,600 బాడుగ పోయింది. తర్వాత ఆయన ఇంటికి పోయి, కాఫీ తాగి, బతిమాలుకుంటే తిరిగొచ్చాడు. ఈ 3,600 షట్టరు వల్ల పోలేదు. షట్టరు చెడిపోతుందని ఆయనకూ తెలుసు. ఆయన వాటా కొన్ని వందలు ఆ పూట నా చేతిలో లేక పోయింది.

అందుకే షెడ్డు తలుపు కంటే ముందు డబ్బు తలుపు మార్చాను. ఇనుప తలుపుకు వేలు అవుతాయి, డబ్బుకు రెండో తలుపు పెట్టడానికి పెద్దగా ఖర్చే లేదు. చీటీ పాడుకున్నాక వచ్చిన డబ్బును ఒకే డిపాజిట్‌గా వేయకుండా నాలుగు ముక్కలు చేశాను. మామూలు డిపాజిట్ మధ్యలో తీస్తే బ్యాంకులు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తాయి. అవసరమైన ముక్క ఒక్కటే తీస్తే కోత దానికే. ప్రతి ట్రిప్పుకూ 30 రూపాయలు వేరే ఖాతాలో వేస్తున్నాను. నెలకు ఇరవై ఆరు ట్రిప్పులు, 780. ఏడాదికి 9,360. టైరు పేలినా, కెపాసిటర్ పోయినా అందులోంచే. ఆ ఖాతా కార్డు నా దగ్గర ఉండదు, అమ్మ పోపుల డబ్బాలో ఉంటుంది. పన్ను ఆదా డిపాజిట్ మాత్రం ఇంకా అక్కడే ఉంది, 2028 దాకా దాన్ని ఎవరూ కదిలించలేరు.

పక్క తలుపు మొన్న దసరాకు పెట్టించాను. అప్పుడు 9,000 అన్నది ఇప్పుడు 11,400 అయింది. బేరమాడలేదు. తాళంచెవులు రెండు, ఒకటి పక్కింటివాళ్ళ దగ్గర ఉంది.