అందరూ కూర్చుండగల బల్ల



పట్నం చూడబోయే పల్లెవారికి రెండు చింతలుంటాయి. రాత్రికి ఎక్కడ తల దాచుకోవాలి? మధ్యాహ్నం ఎక్కడ అన్నం తినాలి? మొదటిదానికి చుట్టమో, తెలిసిన సంఘస్థుడో దొరుకుతాడు. రెండవదానిని గూర్చి ముందుగా ఎవరూ ఆలోచించరు. గత దసరా సెలవులలో హైదరాబాదులో ఆ చిన్న సంగతే మాకు పెద్ద పాఠము నేర్పినది.

మెదకు ప్రాంతపు మా పల్లె సంఘము నుండి పదునలుగురము బయలుదేరాము. ఇద్దరు సంఘ పెద్దలు, వారి భార్యలు, ముగ్గురు యౌవనస్థులు, ఒక యువతి, ఆమె పిల్లలతో కలిపి నలుగురు చిన్నవారు, డెబ్బది ఏండ్లు దాటిన ఒక విధవరాలు. వీరిని నడిపించు బాధ్యత మాది. బస బోరబండలో. మా సంఘము నుండి చాలా ఏండ్ల క్రితము వలసవెళ్ళిన ఒక మేస్త్రీ కుటుంబము రెండు గదుల ఇంటిలో మమ్మును చేర్చుకొనినది.

బోరబండ చుట్టుప్రక్కల ఎఱ్ఱగడ్డ, మోతీనగరు ఉన్నాయి. సైట్-1, సైట్-2, సైట్-3 అని అక్కడి కాలనీలకు పేర్లు. ఇరుకు సందులు, ఎత్తుపల్లాల దారులు. తాపీ పనివారు, ఆటో నడుపువారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు అక్కడ ఎక్కువ. బోరబండలో లోకల్ రైలు ఎక్కి ఒక్క స్టేషను దాటితే హైటెక్ సిటీ. అద్దాల మేడలు కట్టినవారిలో అనేకులు ఇటువంటి సందులలోనే కాపురముంటారు.

ఉదయము వీధి మొదట బండి దగ్గర అందరము ఇడ్లీ తిన్నాము. ఎఱ్ఱగడ్డకు నడిచి మెట్రో రైలు ఎక్కాము. 2017లో మియాపూరు నుండి అమీర్‌పేట వరకు, 2018లో అక్కడి నుండి ఎల్.బి.నగరు వరకు ఈ రైలు మొదలైనది. ఎక్కడా బండి మారకుండా మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్ద దిగి, మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియము చేరుకొన్నాము. 1951లో ప్రారంభమైన ఆ మ్యూజియములో గంట గంటకు ఒక చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టే గడియారమున్నది. పన్నెండు గంటలు కొట్టుట చూచి పిల్లలు చప్పట్లు చరిచారు. అక్కడి నుండి చార్మినారుకు వెళ్ళాము. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన ఆ నాలుగు మినార్ల క్రింద నిలిచేసరికి ఒంటిగంటన్నర దాటినది. అందరికీ ఆకలి.

హైదరాబాదులో ఆకలి వేసినవానికి దారులు అనేకము. ఈ నగరపు వంటలను బట్టి 2019లో యునెస్కో దీనిని తన సృజనాత్మక నగరముల జాబితాలో చేర్చినది. నానబెట్టిన పచ్చి మాంసము మీద సగము ఉడికిన బియ్యము పరచి, మూతకు పిండి అంటించి, ఆవిరి పోకుండా సన్నని మంటపై మగ్గనిచ్చేది ఇక్కడి కచ్చి బిర్యానీ. తెల్లవారుజామున నహారీ, కుల్చా. రంజాను మాసములో గోధుమ, మాంసము కలిపి గంటల తరబడి దంచి ఉడికించిన హలీము. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. ఇరాను నుండి వచ్చి స్థిరపడినవారు పెట్టిన చాయ్ హోటళ్ళు మరొక ప్రక్క.

మా యౌవనస్థులు పేరుగాంచిన ఒక బిర్యానీ హోటలు వైపు దారితీశారు. పెద్దలలో ఒకరు గుమ్మము వద్ద ఆగి, "అయ్యగారూ, ముస్లిముల హోటల్ల మాంసం మనం తినొచ్చునా?" అని అడిగారు. కొరింథు సంఘములోను ఇటువంటి ప్రశ్నే పుట్టినదని చెప్పాము. సంతలో కొన్న మాంసమును గూర్చి ఎక్కువ ఆరా తీయనక్కరలేదనియు, అయితే తోటి విశ్వాసి మనస్సు నొచ్చేటట్లయితే మానుకొనుటే మేలనియు పౌలు బోధించిన సారాంశము. ఆయన తల ఊపారు. మంచి జవాబు చెప్పామని మేమును సంతోషించి మెట్లు ఎక్కుచున్నాము.

అప్పుడు వెనుక నుండి అవ్వ పిలిచినది. "అయ్యగారూ, మీరు పోయి తినుండ్రి. నేనీడ నీడకు కూసుంట. నాకియ్యాల ఉపాసం."

ఆ యువతి కూడా, "అవ్వకు తోడుగ నేనుంట అయ్యగారూ. పిల్లలకు ఆకలి లేదు" అన్నది. ఆమె చిన్న కుమారుడు మాత్రము హోటలు లోపలికే చూస్తున్నాడు.

ఉదయము మాతో కూడ ఇడ్లీ తిన్న మనిషికి మధ్యాహ్నము ఉపవాసము ఎక్కడి నుండి వచ్చినది? గోడ మీది ధరల పట్టిక వైపు అప్పుడు చూశాము. ఒక్క ప్లేటు మూడు వందలకు పైన. అది ఆ యువతికి ఒక రోజు కూలి. పౌలు మాటలు చెప్పిన మేము, ప్రక్కనున్నవారి కొంగు ముడిలో ఎంత ఉన్నదో గమనించలేదు. చూడవలసిన స్థలములన్నీ కాగితము మీద వ్రాసుకొన్నాము. బండి ఛార్జీలు లెక్కవేసుకొన్నాము. భోజనము మాట మరచాము. ఆ తప్పు మాది.

"సంఘం డబ్బుల్లోంచి ఇద్దాం" అన్నారు ఒక పెద్ద. అవ్వ ముఖము మారిపోయినది. "వద్దు బిడ్డా. కానుక పైసలు తిననీకి వచ్చిన్నా నేను?" అన్నది.

ఆ మాటతో మాకు కొరింథు సంఘము మరల జ్ఞాపకము వచ్చినది. మాంసమును గూర్చిన ప్రశ్న తీర్చిన తరువాతి అధ్యాయములోనే పౌలు అంతకంటె పెద్ద తప్పును ఎత్తి చూపాడు. ప్రభువు బల్ల యొద్దకు కూడి వచ్చినప్పుడు కలిగినవారు తమ భోజనము తాము ముందుగా తినివేసేవారు. లేనివారు ఆకలితో, సిగ్గుతో మిగిలిపోయేవారు. ఏ మాంసము తినాలి అన్న దానికంటె, ఎవరిని విడిచి తింటున్నాము అన్నదే ఆయనకు ఎక్కువ బాధ కలిగించినది. మేము ఎక్కిన మెట్లు దిగాము.

దగ్గరలో ఒక ఇరానీ హోటలులో అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాము. కొంచెము ఉప్పు, కొంచెము తీపి కలిసిన ఆ బిస్కెట్లకు చివరి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చినది. పిల్లలు వాటిని చాయ్‌లో ముంచుకొని తిన్నారు. అవ్వ కూడా రెండు తిన్నది. ఉపవాసము మాట ఎవరమూ ఎత్తలేదు.

తిరుగు దారిలో అమీర్‌పేటలో దిగాము. అక్కడ మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు కోర్సులు నేర్పు సంస్థలు, వాటి వెంట హాస్టళ్ళు ఎన్నో ఉన్నాయి. మన పల్లెల పిల్లలనేకులు అక్కడ ఉన్నారు. మా సంఘపు యువకుడొకడు వచ్చి మమ్మును కర్రీ పాయింటుకు తీసుకొనిపోయాడు. కూరలు మాత్రమే పొట్లాలు కట్టి అమ్మే చిన్న అంగడి అది. అన్నము గదిలో వండుకొని, కూర కొనుక్కొని చాలామంది పిల్లలు పూట గడుపుకొంటారు. ఉన్నవారు ఉన్నంత వేయగా పప్పు, వంకాయ, బెండకాయ, సాంబారు కొన్నాము. పెరుగుతో సహా అయిదు వందలు కాలేదు.

బోరబండలో మేస్త్రీ భార్య అన్నము వండియుంచినది. డాబా మీద చాపలు పరచాము. ఆ యువకుడు కూడా మాతోనే కూర్చుండెను. ప్రార్థన ముగియగానే అవ్వ తన మూట విప్పినది. అందులో ఆరు జొన్నరొట్టెలు, మిరపకారము. మధ్యాహ్నము మేము లోపలికి పోగానే నీడకు కూర్చుండి, ఆ తల్లితో, పిల్లలతో అవి పంచుకొని తినవలెనని ఆమె తలంచియున్నది. మాకు భారము కాకూడదని ఉపవాసము మాట చెప్పినది. ఆ రొట్టెలు ముక్కలు చేసి అందరికీ పంచినది. కూరల కంటె ముందుగా అవే అయిపోయినవి.

"ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలాయె అయ్యగారూ. ఇంతమందితో కూసొని తినుడు ఇదే మొదటిసారి" అన్నాడు ఆ యువకుడు.

బిర్యానీ తినకుండానే వచ్చారా అని మీరు అడుగుదురేమో. మరునాడు బయలుదేరుటకు ముందు నాలుగు ప్లేట్లు పార్సిలు తెప్పించి, ఆ చాప మీదనే పంచుకొన్నాము. ఒక్కొక్కరికి వచ్చినది కొద్ది ముద్దలే. అయినను రుచి చూడనివారు లేరు.

మా మెదకు దేవాలయము 1914 నుండి 1924 వరకు కట్టబడినది. కరువు దినములలో ఆ పని వలన పేదలకు కూలియు, కూడును దొరికినవని మన పెద్దలు చెప్పుకొనేవారు. ఆకలిగొన్నవానిని సిగ్గుపరచక తినిపించుట మన సంఘములకు పూర్వము నుండి ఉన్న వాడుకే. దానిని పట్నము దారిలో మరచిపోకూడదు.

కనుక సంఘముగా, కుటుంబముగా యాత్రకు వెళ్ళువారికి మా మనవి. బయలుదేరక ముందే భోజనపు ఖర్చు లెక్కవేయుడి. అందరిలో తక్కువ ఉన్నవారు ఎంత పెట్టగలరో నెమ్మదిగా తెలుసుకొని, దానిని బట్టి హోటలు ఎంచుకొనుడి. ధర అడిగి తెలిసికొన్న తరువాతనే లోపల అడుగు పెట్టుడి. 2014 నుండి నగర పాలక సంస్థ 5 రూపాయలకే మధ్యాహ్న భోజనము పెట్టించుచున్నది. 2025లో ఆ కేంద్రములకు ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చారు. అక్కడ తినుట చిన్నతనము కాదు. పట్నములో చదువుకొను బిడ్డకు ఫోను చేసినప్పుడు ఏమి తిన్నావని మాత్రమే గాక, ఎవరితో తిన్నావని కూడా అడుగుడి.

ఈసారి మీలో ఎవరైనా గుమ్మము బయట నిలిచి తమకు ఆకలి లేదని చెప్పినయెడల, ఒక్కసారి వెనుకకు తిరిగి వారి ముఖము చూడుడి.

ప్రభువు మీ ఇంటి బల్లను ఆశీర్వదించును గాక. ఆమేన్.