ఎదురుచూపుల లెక్క

కంప్యూటరు నెమ్మదించిందంటే దానికి పని ఎక్కువైందని అందరూ అనుకుంటారు. వంతు రాక ఊరికే నిలబడి ఉండవచ్చునని ఎవరికీ తోచదు. హోసూరు నుంచి రోజూ బెంగుళూరు వెళ్ళి సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో నాకు పట్టుబడిన విద్య ఇంచుమించు ఈ తేడా కనిపెట్టడమే.

ఇప్పుడు పనికో సర్వరు పెట్టడం తగ్గింది. ఒక పెద్ద యంత్రంలో పదీ ఇరవై 'వర్చువల్ మెషీన్లు' కాపురముంటాయి. ఇల్లు హోస్టు, కాపురాలు గెస్టులు. ఏర్పాటు పాతదే, ఐ.బి.యం. వారు 1972లోనే వి.ఎం./370 తెచ్చారు. ప్రతి గెస్టూ ప్రాసెసరు తన సొంతమనుకుంటుంది. నిజానికది వంతులవారీ వాడకం.

ఒక ఆసుపత్రిలో ల్యాబు రిపోర్టుల మెషీను మొరాయించింది. హోసూరు, కుప్పం వైపు నుంచి పరగడుపున వచ్చిన మనవాళ్ళు కాగితం కోసం బెంచీల మీద కూర్చున్నారు. "డాక్టరు లేచిపోతాడేమో సామీ" అని ఒక పెద్దావిడ కనబడ్డవారినల్లా అడుగుతోంది. అక్కడి అధికారి మాత్రం నాతో "ఇన్నూ నాల్కు కొడి" అన్నారు. అప్పటికే నాలుగు ప్రాసెసర్లను ఎనిమిది చేశారట. చేశాక ఇంకా మందగించిందట!

గెస్టు లోపల వెతికితే జవాబు దొరకదు. తను ఆగిన సంగతి దానికే సరిగా తెలియదు. హోస్టు లెక్క చూడాలి. వి.ఎం.వేర్‌లో దీన్ని 'రెడీ' కాలం అంటారు. అంటే పని సిద్ధంగా ఉండీ ప్రాసెసరు దొరక్క గడిచిన సమయం. అప్పటికప్పుడు చూపే పటంలో 20 సెకన్లకు, అనగా 20,000 మిల్లీసెకన్లకు ఒక మొత్తం కనబడుతుంది. ఒక్క ప్రాసెసరుకు 2,000 వస్తే నూటికి పది పాళ్ళు ఎదురుచూపే. ఎనిమిదింటికీ కలిపిన అంకెయితే ఎనిమిదితో భాగించుకోవాలి. లేకుంటే లేని భయం పుడుతుంది. కె.వి.ఎం. మీద నడిచే లినక్సులో 'స్టీల్' అనే అంకె ఇలాంటి సంగతే చెబుతుంది.

మరి ప్రాసెసర్లు పెంచితే మందగించడమేమిటి? వీధి కొళాయిల దగ్గర ఒక్క బిందెతో వచ్చినామె సందు దొరకగానే పట్టుకుపోతుంది. ఎనిమిది బిందెలూ ఇంచుమించు సమంగా నిండాలనే ఆమె చాలా కొళాయిల కోసం కాచుకోవాలి. ఒక బిందె మరీ ముందుకు నిండితే, తక్కినవి అందుకునేదాకా దాన్ని ఆపుతారు. ఆ ఆగడానికి 'కోస్టాప్' అని వేరే పద్దు ఉంది. ఇక్కడ రెండు పద్దులూ పెరిగి ఉన్నాయి. బిల్లులు, మందుల అంగడి మెషీన్లకు కూడా ఇలాగే అవసరానికి మించి పంచి ఉన్నారు.

పెంచడం కాదు, తగ్గించాలన్నాను. దానికి మెషీను ఆపి మళ్ళీ లేపాలి. బెంచీలేమో నిండి ఉన్నాయి. అధికారి బెంచీల వంక, నా వంక చూసి, చివరికి ఊఁ అన్నారు. ల్యాబు మెషీనుకు నాలుగే ఉంచి, ఊరికే ఉన్న గెస్టుల దగ్గర కొన్ని వెనక్కి తీసుకున్నాం. రెడీ అంకె దిగింది. కాగితాలు ఒకటొకటే రాసాగాయి.

పెద్దావిడ తన కాగితం నా చేతికిచ్చి తెలుగులో చదవమంది. అంకెలు చదివాను. "మంచిదేనా సామీ?" అంది. అది చెప్పవలసింది డాక్టరని, ఆయన గది ఎటో చూపించాను.